చచ్చినవాడు దిగవలెను

చెన్నకేశవులుకు ఒకటే కన్ను. ఆ ఒక్క కంటితోనే మెట్లెక్కి వచ్చే మనిషిని చూసి, వాడు చెప్పులు విడిచేలోగా వాడికి ఏ ఆట పెట్టాలో తేల్చేసేవాడు. నంద్యాలలో సంజీవనగర్ గేటు దగ్గర, సైకిల్ షాపు పైన మేడగది ఆయనది. మూడు టీవీలు, మూడు గేమ్ పెట్టెలు, ఒక్కో పెట్టెకు రెండేసి రిమోట్లు, గోడకు వేలాడదీసిన సంచుల్లో అరవై డెబ్భై క్యాసెట్లు. తొంభై ఆరులో తెరిచాడు. ఊళ్లో అలాంటివి ఇంకో రెండు ఉండేవి, అక్కడ మనం అడిగింది పెట్టేవాళ్లు. ఈయన అడిగితే పెట్టడు. ఆయన పెట్టిందే ఆడాలి. నాకు ఒళ్లు మండేది. మర్నాడు మళ్లీ అక్కడికే పోయేవాణ్ణి.

ఆయనది ఆళ్లగడ్డ. తండ్రి, తాత విగ్రహాలు చెక్కినవాళ్లు. పంతొమ్మిదో ఏట ఉలి కింద నుంచి రాతిపెచ్చు ఎగిరి ఈయన ఎడమ కంట్లో పడింది. ఆ తర్వాత దెబ్బ ఎక్కడ పడుతుందో అంచనా దొరికేది కాదట. రెండు విగ్రహాల ముక్కులు పగలగొట్టాక వాళ్ల నాయన ఉలి తీసి దాచేశాడు. ఈయన నంద్యాల వచ్చి రేడియోలు బాగుచేసే అంగట్లో చేరాడు. అక్కడికి బాగుకొచ్చిన ఒక గేమ్ పెట్టెను దాని సొంతదారు మళ్లీ తీసుకుపోలేదు. అలా మొదలైంది ఈ వ్యాపారం. "గుడ్డి కన్నా మెల్ల మేలప్పా" అని తన మీద తనే చెప్పుకుని నవ్వేవాడు.

మనిషికి క్యాసెట్టు కుదర్చడం ఆయనకు పెళ్లిసంబంధం కుదర్చడంతో సమానం. మధ్యాహ్నం భోజనం వేళ బ్యాంకు గుమాస్తా ఒకాయన వచ్చేవాడు, ఆయనకు ఇటుకలు పేర్చే ఆట. ఇంట్లో పోట్లాడుకుని వచ్చిన అన్నదమ్ములకు బంతాట. స్నేహితులమని చెప్పుకుంటూ వచ్చినవాళ్లకు మాత్రం కొట్టుకునే ఆటలు చస్తే పెట్టడు. ఇద్దరూ ఒకే పక్షాన నిలబడి ఆడేవే పెడతాడు. ఎందుకని అడిగితే ఒకసారి నాతో అన్నాడు: "ఇద్దరు కొట్టుకుంటే మూడోవాడు చూస్తా కూచుంటాడు. ఇద్దరు కలిసి ఆడితే మూడోవాడు దారి చెప్తాడు. అప్పుడు ముగ్గురూ ఆడినట్లేగదా."

మేం ముగ్గురం. తొంభై ఎనిమిదిలో ఇంటర్‌లో చేరినప్పుడు కలిశాం. వెంకటేష్‌ది పాములపాడు, పొలాలున్న ఇల్లు, వాడికి గెలవడం కావాలి, ఎదుటివాడు ఓడిపోవడం ఇంకా ఎక్కువ కావాలి. నేను మహేశ్వర్‌ని, మాది బేతంచెర్ల, మా నాయన బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో మేస్త్రీ. నాకు ఆట పూర్తి చెయ్యాలనే పిచ్చి. మధ్యలో ఏముందో నాకు పట్టదు, ఆఖరి తెర చూడాలి. మూడోవాడు బయ్యన్న. బండి ఆత్మకూరు దాటి నల్లమల అంచున వాళ్ల గూడెం. వాళ్ల నాయన లేడు, అమ్మ వీరమ్మ అడవిలో కుంకుడుకాయలు, తేనె ఏరి అమ్మేది. వాడు ప్రభుత్వ హాస్టల్లో ఉండి చదివేవాడు. వాడికి ఆటలో గెలుపూ వద్దు, ఆఖరూ వద్దు. ఆటలో చెట్టు కనపడితే ఎక్కిచూస్తాడు. గుహ ఉంటే దూరతాడు. వాగు ఉంటే ఆగి చూస్తాడు. మేం అవతల తుపాకులు కాలుస్తుంటే వీడు తల పక్కకు వంచి, కోడి చూసినట్టు, తెర మూల ఎక్కడో ఉన్న పిట్టను వెతుకుతుండేవాడు.

గోడ మీద నీలం రంగుతో ఆయన రాయించిన నియమం ఒకటే: చచ్చినవాడు దిగవలెను. రెండు రిమోట్లు, ముగ్గురు మనుషులు. ఎవడి బొమ్మ చస్తే వాడు రిమోటు మూడోవాడికి ఇచ్చి పక్కకు జరగాలి. న్యాయమైన నియమం. ఎన్ని గొడవలు తీర్చిందో. కానీ దాని వల్ల ఎక్కువ చచ్చేవాడు తక్కువ ఆడతాడు. మాలో ఎక్కువ చచ్చేది బయ్యన్న.

అప్పట్లో మేం ఆడే తుపాకుల ఆటలో జలపాతం ఎక్కే చోటొకటి ఉంది. ఇద్దరూ రాళ్ల మీద నుంచి ఎగురుతూ పైకి పోవాలి. ముందున్నవాడు తొందరపడితే తెర వాడితో పాటు పైకి జరుగుతుంది, వెనకబడినవాడు తెర అడుగున పడి చస్తాడు. నేను ప్రతిసారీ తొందరపడేవాణ్ణి. బయ్యన్న ప్రతిసారీ చచ్చేవాడు. కింద రాయి కనపడలేదప్పా అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ యవ్వారం అని నేను వెక్కిరించేవాణ్ణి, వెంకటేష్ పడీపడీ నవ్వేవాడు. పొద్దు గూకకముందే వాడు లేచి హాస్టలుకు బయల్దేరేవాడు, దానికీ నవ్వేవాళ్లం, వార్డెనుకు భయపడతాడని. మాకు తెలివి లేదు అంటే సరిపోదు. మేం చూడలేదు. రెండు రెండు కళ్లున్నవాళ్లం ముగ్గురం కూర్చున్నామని అనుకున్నాం.

కనిపెట్టింది చెన్నకేశవులు. మిగతావాళ్లు ఎక్కడబడితే అక్కడ చస్తారు, వీడు మాత్రం తెర అంచుల నుంచి వచ్చినదానికే చస్తాడని ఆయన లెక్క కట్టాడు. ఒకరోజు ఆట ఆపించి, బయ్యన్న ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చూపుడువేలు వాడి ముక్కుకు ఎదురుగా పెట్టి మెల్లగా పక్కకు జరపసాగాడు, కనపడనప్పుడు చెప్పమని. వేలు వాడి చెంప దాటకముందే వాడు "పోయింది" అన్నాడు. రెండో పక్క జరిపితే అంతే. చెన్నకేశవులు వేలు దించలేదు. తనకు ఎడమవైపు కనపడని సంగతి తలకాయ తిప్పి తిప్పి ఎలా దాచుకున్నాడో ఆయనకు గుర్తుంటుంది కదా.

ఆయనే మమ్మల్ని వెంటబెట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. వీరమ్మ అప్పటిదాకా కొడుకుది రేచీకటి అనుకుని మునగాకు వండిపెడుతూ ఉందట. డాక్టరు దీపం వేసి చూశాడు, మీ అమ్మానాన్నలది మేనరికమా అని అడిగాడు, అవునంటే తల ఊపాడు. కంటి వెనక పొర ఎండిపోతోందని, చూపు చుట్టూ నుంచి లోపలికి మూసుకుంటూ వస్తుందని, రెండేళ్లు పట్టొచ్చు, మూడేళ్లు పట్టొచ్చు, మందు లేదని చెప్పాడు. హైదరాబాదు పోతే అని చెన్నకేశవులు అడగబోతే, అక్కడా ఇదే చెప్తారన్నాడు. మంచి డాక్టరే. అబద్ధం చెప్పలేదు.

తిరిగి వస్తూ రైలు గేటు దగ్గర ఆగాం. గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతోంది. బయ్యన్న ఆ పెట్టెలకేసి తల తిప్పి తిప్పి చూసి, అప్పుడు అడిగాడు.

"అన్నా, పూర్తిగా పోయేలోగా ఒక్క ఆటన్నా ఆఖరు దాకా చూడొచ్చునా? ఆఖర్న ఏముంటాదో నేనెప్పుడూ చూడ్ల్యా."

చెన్నకేశవులు "చూద్దాంలేప్పా" అన్నాడు. ఎప్పుడూ చచ్చి దిగిపోయేవాడికి ఆఖరి తెర ఎలా కనపడుతుంది? ఆ రోజు సాయంత్రం ఆయన ఎక్కడి నుంచో ఉలి, సుత్తి తెచ్చి గోడ మీద నియమాన్ని అక్షరం అక్షరం చెక్కి తీసేశాడు. గార పెళ్లలు పెళ్లలుగా ఊడింది. ముప్పై అయిదేళ్ల మనిషి, ఉలి వదిలి అప్పటికి పదహారేళ్లు.

ఆ తర్వాత ఆయనకు ఒకటే పని. ముగ్గురికీ సరిపోయే ఆట వెతకడం. ట్యాంకుల ఆట పెట్టాడు. మైదానమంతా ఒకే తెరలో ఉంటుంది, అంచులు జరగవు, బయ్యన్నకు బాగానే ఉంది. కానీ వెంకటేష్ శత్రువుల్ని వదిలేసి మా ట్యాంకులనే కాల్చి కిందపడి నవ్వేవాడు. దానికి ఆఖరు కూడా లేదు, ఎన్ని మైదానాలు దాటినా మళ్లీ మొదటిదే వస్తుంది, నాకు మతి పోయేది. పడవల ఆట పెట్టాడు, అందులో నీళ్లు తప్ప ఏమీ లేవని బయ్యన్నే వద్దన్నాడు. పుట్టగొడుగుల మీద ఎగిరే ఆట ముగ్గురికీ నచ్చింది గానీ అది ఒకరి తర్వాత ఒకరు ఆడేది, కలిసి ఆడేది కాదు. చెన్నకేశవులు షాపు మూసుకుని రెండుసార్లు బెంగుళూరు పోయివచ్చాడు. తెచ్చిన ప్రతి క్యాసెట్టూ ముందు తను కళ్లద్దాలకు నల్ల కాగితం అంటించి, మధ్యలో బొక్క పెట్టుకుని ఆడి చూసేవాడు. ఆడలేకపోతే సంచిలో పడేసేవాడు. ఒక కంటివాడు ఆ కన్నూ మూసుకుని ఆట వెతుకుతున్నాడని వెంకటేష్ అన్నాడు, ఈసారి నవ్వకుండా.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో దొరికింది. క్యాసెట్టు మీద ఏదో అర్థంకాని లిపి, పేరేమిటో ఇప్పటికీ తెలియదు. మేం తాడాట అనేవాళ్లం. అడవిలో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరి నడుములకూ కలిపి ఒక తాడు. ఒకడు ముందుకు పోవాలంటే రెండోవాడు రావాల్సిందే. ఎవణ్ణీ వెనక వదిలేసే వీల్లేదు. వెంకటేష్‌కు ఎలుగుబంట్లు, దొంగలు ఉన్నారు. నాకు పదకొండు మజిలీలున్నాయి. బయ్యన్నకు అడవి ఉంది. అన్నిటికీ మించి, ప్రతిదానికీ ఒక చప్పుడుంది. ఎలుగుకు ఒకటి, వాగుకు ఒకటి, కూలబోయే కొమ్మకు ఒకటి. ఒకటే చిక్కు, ఎక్కడ చచ్చినా మళ్లీ మొదటి మజిలీ నుంచి రావాల్సిందే.

ఏర్పాటు చెన్నకేశవులు చేసిందే. రెండో రిమోటు ఎప్పుడూ బయ్యన్నదే, చచ్చినా దిగేది లేదు. మొదటిదాని కోసం నేనూ వెంకటేషూ మారాలి. మిగిలినవాడు బయ్యన్న చెవి దగ్గర కూర్చుని ఆగు, ఎగురు, వంగు అని చెప్పాలి. శనివారం, ఆదివారం, మూడు గంటలకు. వాడు తెరకు మూరెడు దూరంలో కూర్చునేవాడు. కొన్నాళ్లకు వాడే మాకు చెప్పడం మొదలుపెట్టాడు, నీళ్ల చప్పుడు మారింది, మొసలొస్తాంది, ఆగు అని. ఆ ఏడాది డిసెంబరులో పదకొండో మజిలీ దాకా పోయాం. అక్కడ ఒక పెద్ద ఏరు, ఏటిలో దుంగలు. దుంగ మీద నుంచి దుంగ మీదికి ఇద్దరూ ఒకేసారి ఎగరాలి. పడ్డాం. మళ్లీ మొదటి నుంచి. ఆరేడుసార్లు ఆ ఏటి దాకా పోయి పడ్డాం. అయినా ఆ రోజులు బాగుండేవి, ఆ మాట చెప్పకపోతే పాపం.

ఫిబ్రవరికల్లా వాడి చూపు రూపాయి బిళ్లంత మిగిలింది. దుంగ కనపడితే తన బొమ్మ కనపడదు, బొమ్మ కనపడితే దుంగ కనపడదు. చప్పుడుతోనే ఎగిరేవాడు, చప్పుడు ఒక్క వీసం ఆలస్యం. చెన్నకేశవులు వెనక నిలబడి చూస్తూ, పడిన ప్రతిసారీ "మళ్లా పట్టండప్పా" అనేవాడు. ఆయన గొంతు రోజురోజుకూ చిన్నదవడం నాకు తెలుస్తూనే ఉంది. ఎండలు ముదిరేలోగా అయిపోవాలి, ఆ తర్వాత తెర మీద వెలుగు తప్ప ఏమీ కనపడదని ఆయనకు తెలుసు.

రెండువేల సంవత్సరం, ఏప్రిల్. పరీక్షలైపోయాయి. రెండు రోజుల్లో వెంకటేష్ కోచింగుకు విజయవాడ పోతున్నాడు, నేను మా ఊరికి పోవాలి. శనివారం. మూడింటికి కలవాలి. నేనూ వెంకటేషూ రెండింటికే పోయాం. చెన్నకేశవులు షాపు చూసుకోమని చెప్పి అన్నానికి దిగాడు. ఊరికే కూర్చోవడమెందుకని క్యాసెట్టు పెట్టాం. బయ్యన్న వచ్చేలోగా నాలుగు మజిలీలు చూద్దామని.

ఇద్దరం రెండు కళ్లతో ఆడితే ఆ ఆట ఎంత సులభమో నాకు అప్పుడు తెలిసింది. తాడు ఒక్కసారి కూడా లాగలేదు. మజిలీ వెనక మజిలీ గడిచిపోయింది. ఏటి దగ్గరకొచ్చాక వెంకటేష్ రిమోటు ఒళ్లో పెట్టుకుని, ఆపుదామా, వాడొస్తాడు అన్నాడు. ఎదుటివాడి ఓటమి చూసి నవ్వే వెంకటేష్. నేను వినలేదు. ఒక్కసారి చూద్దాంరా, మళ్లీ వాడితో ఆడదాం, వాడికెట్లా తెలుస్తుంది అన్నాను. ఈ మాట అన్నది నేనే. ఎన్నేళ్లైనా ఇంకొకరి మీద పెట్టలేను.

దుంగలు దాటాం. ఒడ్డెక్కాం. తెర తెల్లబడింది, ఇంతకుముందెప్పుడూ వినని పాట మొదలైంది. అప్పుడే మెట్ల మీద అడుగులు వినపడ్డాయి, గోడకు చెయ్యి రాచుకుంటూ వచ్చే అడుగులు. నేను ఒక్క గెంతున పోయి టీవీ మీట నొక్కేశాను.

బయ్యన్న వచ్చి తన చోట కూర్చున్నాడు. మొదలుపెట్టినారా అని అడిగాడు. లేదురా, నీకోసమే చూస్తాండాం అన్నాను. వాడు చేత్తో తడిమి రెండో రిమోటు అందుకున్నాడు. నా చెమటకు అది తడితడిగా ఉండుంటుంది. కాసేపు అలాగే పట్టుకుని, నేల మీద పెట్టేశాడు. ఈ పొద్దు వద్దులేప్పా, కండ్లు మంటగా ఉండాయి అన్నాడు. భోంచేసి వచ్చిన చెన్నకేశవులు ఎంత చెప్పినా పట్టుకోలేదు. మర్నాడు హాస్టలు ఖాళీ చేసి గూడేనికి వెళ్లిపోయాడు. మా ఇద్దరితో చెప్పలేదు.

తర్వాతి సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. ఇళ్లల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, రెండువేల నాలుగులో చెన్నకేశవులు గది ఖాళీ చేశాడు. క్యాసెట్లన్నీ పాత సామాన్లవాడికి పోయాయి. ఆయన ఆళ్లగడ్డకు తిరిగిపోయాడు. నేను చదువు అబ్బక బండల వ్యాపారంలో పడ్డాను.

రెండువేల ఏడులో ఒక పని మీద ఆళ్లగడ్డ పోయినప్పుడు విగ్రహాల షెడ్లో ఆయన కనపడ్డాడు. తమ్ముడి కొడుకులు చెక్కుతున్నారు, ఈయన ఒక పక్కన కూర్చుని చెక్కిన విగ్రహాలకు నునుపు పడుతున్నాడు. తడిగుడ్డ, సానరాయి. ఆ పనికి చెయ్యి చాలు, కన్ను అక్కర్లేదు. నన్ను గుర్తుపట్టాడు. కూచోమన్నాడు. వెంకటేష్ ఎట్లుండాడని అడిగాడు. నేను బయ్యన్న సంగతి అడగలేదు. ఆయనే చెప్పాడు. గూడెంలోనే ఉన్నాడు. చీకటీ వెలుగూ తేడా కూడా పోయింది. పింఛను కోసం వీరమ్మ చెయ్యి పట్టి ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోతాడు. ఈయన ఆరు నెలలకోసారి పోయి చూసి వస్తాడు.

"వానికి తెలుసప్పా" అన్నాడు, చేతిలో పని ఆపకుండా. "ఊరికి పోయే రోజు నా దగ్గరికొచ్చినాడు. నిన్న ఎవరు ఆడినారన్నా అని అడిగినాడు. నేనే ఆడినా అని చెప్పినా."

ఆయన తడిగుడ్డ పిండాడు.

"నవ్వినాడు. మెట్ల మీద కూచోని ఇన్నాడంట. ఏరు రాకముందు నుంచీ. ఇద్దరి చేతుల చప్పుడు ఇన్నానన్నా, ఒకటి ఎంకటేశుది, గట్టిగా నొక్కుతాడు, రెండోది మహేశ్వరుది అన్నాడు. మీరిద్దరూ దాటేదాకా ఊపిరి బిగబట్టుకోని కూచున్నాడంట, మీరు ఏట్లో పడకూడదని."

షెడ్డులో ఉలి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. చెన్నకేశవులు విగ్రహం భుజం మీద నీళ్లు చల్లి మళ్లీ రుద్దసాగాడు. పోయినప్పుడల్లా వాడు ఒకటే అడుగుతాడని చెప్పాడు. కోపం లేదట. నేనెప్పుడైనా కనపడితే ఒక్క మాట కనుక్కుని రమ్మన్నాడట.

"ఆఖర్న ఏముండాదంటప్పా?" అని అడిగాడు, ఆ ఒక్క కన్నూ నా మీద పెట్టి.

"తెలీదన్నా," అన్నాను. "వాడి అడుగులు వినపడి టీవీ ఆపేసినా."